పాత ఇంటికి సున్నం

1999లో నా మొదటి ఉద్యోగంలో మొదటిరోజు మా సీనియర్ సార్ ఒక డైరెక్టరీ పేరు చిన్న కాగితం మీద రాసిచ్చి, "ఇదమ్మా నీ కోడు, చదువుతూ ఉండు" అని టీకి వెళ్లిపోయారు. చదవడానికి కూర్చున్నాను. పరదేశంలో ఒక కరెంటు కంపెనీకి బిల్లులు వేసే సాఫ్ట్‌వేరు అది. సి భాషలో 4 లక్షల లైన్లు, 900 పైచిలుకు ఫైళ్లు. రాసినవాళ్లలో ఒక్కరూ మా ఆఫీసులో లేరు. అమీర్‌పేటలో మూడు నెలలు సి నేర్చుకుని వచ్చినదాన్ని నేను. అక్కడ నేను రాసిన అతిపెద్ద ప్రోగ్రాము 200 లైన్లు, అదీ బోర్డు మీద సార్ రాసింది చూసి కొట్టింది.

ప్రోగ్రామింగ్ తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్లు రాసే అసలు రాత. అది మామూలు అక్షరాల ఫైలే, ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవొచ్చు. అందులో ఒక్కో పనికి ఒక్కో పేరు పెట్టి విడివిడిగా రాస్తారు. ఆ పేరున్న పనినే ఫంక్షన్ అంటాం. వంటల పుస్తకంలో 80వ పేజీలో "పోపు పెట్టి దించెయ్యండి" అని ఉంటుంది. పోపు ఎలా పెట్టాలో అక్కడ ఉండదు, 12వ పేజీలో ఒక్కసారే రాసుంటుంది. కొత్త కోడలికి 12వ పేజీ దొరకాలి. నా పరిస్థితీ అదే, కాకపోతే నా పుస్తకానికి పేజీ నంబర్లు లేవు, విషయసూచిక లేదు, పుస్తకం ఒకటి కాదు, 900.

గ్రెప్ అని ఒక కమాండ్ ఉంది, ఏ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికిపెడుతుంది. ఒక ఫంక్షన్ పేరిస్తే 140 లైన్లు గుమ్మరించేది. ఆ పనిని పిలిచిన ప్రతి చోటూ, ఎవరో కామెంట్లలో రాసిన ప్రతి ప్రస్తావనా అందులో ఉండేవి. వాటి మధ్య అసలు రాసిన చోటు ఒక్కటే. అది కళ్లతో ఏరుకోవాలి. ఏరుకున్నవి మళ్లీ పోకుండా లాంగ్ నోట్‌బుక్కు కొనుక్కుని, ఎడమవైపు ఫంక్షన్ పేరు, కుడివైపు ఫైలు పేరు, లైను నంబరు రాసుకోవడం మొదలుపెట్టాను. ఎర్రసిరాతో గీతలు కూడా కొట్టాను. నాలుగోరోజుకి 11 పేజీలు నిండాయి.

సార్ వెనకనుంచి చూసి, "ఏంటమ్మా ఇది?" అన్నారు.

"ఏది ఎక్కడుందో రాసుకుంటున్నాను సార్."

"ట్యాగ్స్ వెయ్యలేదా?"

నాకు మాట అర్థం కాలేదు. ఆయన వంగి, నా కీబోర్డు మీదే సీట్యాగ్స్ అని కొట్టి, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, పెద్దబడి ఆర్ కొట్టి ఎంటర్ నొక్కారు. డైరెక్టరీలోపలి డైరెక్టరీలన్నీ చుట్టిరమ్మని దాని అర్థం. నాలుగైదు సెకన్లు పట్టిందేమో. ట్యాగ్స్ అనే కొత్త ఫైలు ఒకటి పుట్టింది. తర్వాత విమ్ ఎడిటర్‌లో ఒక ఫంక్షన్ పేరు మీద కర్సర్ ఉంచి, కంట్రోల్ పట్టుకుని మూసే చదరపు బ్రాకెట్ నొక్కారు. తెర మారింది. ఆ ఫంక్షన్ రాసిన ఫైల్లో, రాసిన లైను మీద ఉన్నాం. కంట్రోల్, టి నొక్కారు. బయల్దేరిన చోటికి వచ్చేశాం. లోపలికి నాలుగుసార్లు దూకి, నాలుగుసార్లు వెనక్కి వచ్చి చూపించారు. ఎన్ని గదులు దాటి వెళ్లినా, ఏ గదిలోంచి వచ్చామో ఎడిటర్ వరసగా గుర్తుపెట్టుకుంటుంది.

నోట్‌బుక్కు తర్వాత పాల లెక్కకి పనికొచ్చింది.

ఇంటికి వెళ్లేముందు ఆ ట్యాగ్స్ ఫైలునే తెరిచి చూశాను. మాయామర్మం ఏమీ లేదు, అదీ మామూలు అక్షరాల ఫైలే. ఒక్కో పేరుకి ఒక్కో లైను. మెషీన్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో ఉండే ఒక లైనుని మన లిపిలో రాస్తే ఇలా ఉంటుంది. బాణం గుర్తున్న చోట అసలు ఫైల్లో ట్యాబ్ ఉంటుంది:

రౌండ్_బిల్ → ఎస్ఆర్‌సీ/బిల్.సి → /^లాంగ్ రౌండ్_బిల్(లాంగ్ మొత్తం)$/;" → ఎఫ్

మొదటిది పేరు. రెండోది ఏ ఫైల్లో ఉందో. చివరి ఎఫ్ అంటే ఇది ఫంక్షన్ అని. మధ్యలో ఉన్నదే నన్ను ఆపేసింది. నేనయితే అక్కడ లైను నంబరు రాసేదాన్ని, నోట్‌బుక్కులో అదే రాశాను కూడా. ఇక్కడ నంబరు లేదు, ఆ లైనునే ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. ముందున్న టోపీ గుర్తుకి లైను ఇక్కడ మొదలవ్వాలని, చివరి డాలరు గుర్తుకి ఇక్కడ ముగియాలని అర్థం. అంటే ఎడిటర్‌కి అది చెప్పేది "372వ లైనుకి వెళ్లు" అని కాదు, "బిల్.సి తెరిచి, సరిగ్గా ఇలా కనబడే లైను కోసం వెతుకు" అని.

మా నాన్న పోస్ట్‌మ్యాన్. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో సైకిలు మీద ఉత్తరాలు పంచేవారు. డోరు నంబర్లని ఆయన నమ్మేవారు కాదు. పంచాయతీ వాళ్లు ఒకసారి నంబర్లు మారిస్తే, కొన్ని ఇళ్లకి పాతదీ, కొన్నిటికి కొత్తదీ, కొన్ని గడపల మీద రెండూ ఉండేవి. అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడ పెడితే అక్కణ్నుంచి వీధి చివరిదాకా వరసంతా తప్పేది. ఆయన చెప్పే గుర్తులు వేరు: వేపచెట్టు ఎదురు పెంకుటిల్లు, అరుగు మీద కుట్టుమిషను. పక్కన ఎన్ని కొత్త ఇళ్లు లేచినా ఆ ఇల్లు దొరుకుతుంది. కోడు కూడా అలాంటి వీధే. ఫైలు పైభాగంలో నేను పది లైన్లు కొత్తగా రాస్తే కింద ఉన్న ప్రతి లైను నంబరూ పది జరిగిపోతుంది. ఎర్రసిరా గీతల నా నోట్‌బుక్కు ఆ క్షణమే తప్పుల తడక. ట్యాగ్స్ ఫైల్లో ఉన్న గుర్తు మాత్రం చెక్కుచెదరదు, ఎందుకంటే ఆ ఒక్క లైను రూపం మారలేదు. (మెట్రో పిల్లర్ నంబరు చెప్పుకునే హైదరాబాదువాళ్లకి ఈ బాధ తెలియదు. పిల్లర్లు జరగవు.)

కుట్టుమిషను తీసేస్తే? అంటే ఎవరైనా ఆ లైనునే మార్చి, బ్రాకెట్లలో ఇంకో మాట చేరిస్తే? ఉన్నదున్నట్టు వెతికితే దొరకదు. అప్పుడు విమ్ ఊరుకోదు. చిన్నబడి పెద్దబడి తేడా వదిలేసి ఒకసారి, పేరు పక్కన బ్రాకెట్ తెరుచుకున్న లైను కోసం ఇంకోసారి వెతుకుతుంది. అలా ఏదైనా తగిలితే అక్కడ దింపి, ట్యాగు దొరకలేదు, ఊహించి తెచ్చానని కింద ఒక మాట వేస్తుంది. ఆ సందేశానికి ఇ435 అని నంబరు కూడా ఉంది. తెలియనిది తెలిసినట్టు చెప్పకుండా, ఊహని ఊహ అనే చెప్పే సాఫ్ట్‌వేరు అంటే నాకు గౌరవం.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1970ల చివర అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని తిరగరాస్తున్న కుర్రాళ్ల దగ్గర పుట్టింది. అక్కడే బిల్ జాయ్ వి.ఐ. అనే ఎడిటర్ రాశాడు. విమ్ దాని మనవడే. సీట్యాగ్స్ రాసింది కెన్ ఆర్నాల్డ్. దానికి ఫోర్‌ట్రాన్ నేర్పింది జిమ్ క్లెక్నర్, పాస్కల్ నేర్పింది మళ్లీ బిల్ జాయ్. 1979లో వచ్చిన మూడో బర్కిలీ యూనిక్స్‌తో ఇది బయటి ప్రపంచానికి వచ్చింది. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లకి ఈట్యాగ్స్ అని ఇలాంటిదే ఇంకోటి ఉంది, ఫైలు రూపం మాత్రం వేరు. ఈ రెండు ఎడిటర్ల వాళ్లకీ మధ్య గొడవ తరాలనాటిది, నేనందులోకి దిగను.

నేను 1999లో వాడింది డారెన్ హైబర్ట్ రాసిన ఎక్జ్యూబరెంట్ సీట్యాగ్స్. పాత సీట్యాగ్స్‌కి కొద్ది భాషలే వచ్చు. ఈయన చేతిలో అది 2009 నాటి 5.8 వెర్షన్‌కి 41 భాషలకి పెరిగింది. అదే దాని ఆఖరి వెర్షన్. తర్వాత కొందరు ఆ కోడు తీసుకుని యూనివర్సల్ సీట్యాగ్స్ పేరుతో కొనసాగించారు. ఇవాళ మీరు దింపుకోవాల్సింది అదే, అది వందకి పైగా భాషలు చదువుతుంది.

పై లైన్లో సెమీకోలను పక్కన ఒంటరిగా ఒక కొటేషన్ గుర్తు ఉంది చూశారా? అచ్చుతప్పు కాదు. మొదట్లో ట్యాగ్స్ లైనుకి మూడే భాగాలు: పేరు, ఫైలు, గుర్తు. ఇది ఫంక్షనా, వేరియబులా అని నాలుగో భాగం చేర్చాలనుకున్నప్పుడు చిక్కొచ్చింది. లోకమంతా పాత వి.ఐ.లే, నాలుగో భాగం చూస్తే అవి తికమకపడతాయి. వి.ఐ. కమాండ్లలో కొటేషన్ గుర్తు వస్తే అక్కణ్నుంచి కామెంటు, చదవక్కర్లేదని అర్థం. ఆ సంగతి వాడుకుని, కొత్త భాగాలన్నిటినీ ఆ గుర్తు వెనక దాచారు. పాత ఎడిటర్ అక్కడ ఆగిపోతుంది, కొత్తది చివరిదాకా చదువుతుంది. ఇంట్లో తాతగారికి చెప్పాల్సినంతే చెప్పి, మిగతాది పిల్లలకి చాటుగా చెప్పినట్టు. ఎవరి పనీ చెడగొట్టకుండా కొత్తది చేర్చడం ఎలాగో నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు, ఈ రెండు గుర్తుల దగ్గర నేర్చుకున్నాను.

వేగం సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. ట్యాగ్స్ ఫైలు అక్షరక్రమంలో ఉంటుంది. పాత టెలిఫోన్ డైరెక్టరీలో పేరు వెతికినట్టు మధ్యలో తెరిచి, ముందుకా వెనక్కా అని సగం వదిలేస్తూ పోతుంది. మా కోడులో 11,000 పేర్లుండేవి, 14 పోలికల్లో తేలిపోయేది. 10 లక్షలున్నా 20 చాలు.

ఫంక్షన్ దగ్గరికి దూకించే ఆ కీతో వచ్చిన ఒక తలనొప్పి గురించి చెప్పాలి. మేము కొన్నిసార్లు ఒక యూనిక్స్ మెషీన్‌లోంచి టెల్నెట్‌తో ఇంకో మెషీన్‌కి వెళ్లి పనిచేసేవాళ్లం. కంట్రోల్, మూసే చదరపు బ్రాకెట్ అన్నది టెల్నెట్‌కి కూడా సైగే, "నన్ను పిలిచావా" అని మధ్యలో లేస్తుంది. నేను నొక్కింది ఎడిటర్‌కి చేరేది కాదు, దారిలోనే టెల్నెట్ లాక్కునేది. అక్కడ మాత్రం కోలను కొట్టి, ట్యాగ్ అని రాసి, పేరు చేత్తో కొట్టుకోవాల్సి వచ్చేది. కొన్నాళ్లకి అదే అలవాటైపోయి ఇప్పటికీ సగంసార్లు అలాగే చేస్తాను.

ఇక నా ఘనకార్యం. చేరిన ఆరో నెల. ఆలస్య రుసుము కలిపిన బిల్లుల్లో చివరి పైసా తేడా వస్తోందని కబురు. రౌండ్_బిల్ అనే ఫంక్షన్లో ఉందని గంటలో పట్టేశాను. దాని పేరు మీద కర్సర్ పెట్టి దూకాను, రెండు లైన్లు మార్చాను, కంపైల్ చేసి, అంటే మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చి, నడిపాను. తేడా అలాగే ఉంది. లెక్క మళ్లీ చూసుకుని ఇంకోలా రాశాను. అలాగే ఉంది. రాత్రి పదకొండుకి ఆ ఫంక్షన్ మొత్తం కొట్టేసి ఎప్పుడూ సున్నా ఇచ్చేలా రాశాను. బిల్లు మారలేదు! ఫంక్షన్ లోపల "ఇక్కడికొచ్చాను" అని తెర మీద అచ్చువేసే లైను పెడితే అదీ రాలేదు. రెండింటికి మెషీన్ పాడైందని తేల్చుకుని, ఆఫీసు కుర్చీలోనే పడుకున్నాను.

పొద్దున సార్ వచ్చి, నేను ఏడుపు గొంతుతో చెప్పిందంతా విని, వేలితో తెర అడుగున చూపించారు. "ఫైలు పేరు చదువమ్మా."

బీకేపీ/బిల్.సి.

ఎవరో ఏనాడో మొత్తం కోడుని బ్యాకప్ అని బీకేపీ అనే డైరెక్టరీలోకి కాపీ చేసి వదిలేశారు. సీట్యాగ్స్ నమ్మకమైన నౌకరు, చుట్టిరమ్మంటే దాన్నీ చుట్టొచ్చింది. ట్యాగ్స్ ఫైల్లో రౌండ్_బిల్ రెండుసార్లు ఉంది. మొత్తం లైను అక్షరక్రమంలో పేరుస్తారు కాబట్టి, పేరు ఒకటే అయినప్పుడు ఫైలు పేరు చూస్తుంది. ఇంగ్లిషులో బి ముందు, ఎస్ తర్వాత. నేను ఆ రెండూ కాని మూడో ఫైల్లోంచి దూకాను గనక, ఎడిటర్ వరసలో ముందున్నదానికే తీసుకెళ్లింది. కంపైలర్ మాత్రం ఎస్ఆర్‌సీ తప్ప ఇంకో డైరెక్టరీ మొహం చూడదు. నేను దిద్దిందంతా ఎవరూ నడపని కాపీలో.

"రాత్రంతా పాత ఇంటికి సున్నం కొట్టావమ్మా" అని నవ్వి, జి నొక్కి వెంటనే మూసే చదరపు బ్రాకెట్ నొక్కమన్నారు. ఒకే పేరున్నవన్నీ జాబితాగా వచ్చాయి, ఏదో ఎంచుకోమని. ఫలానా డైరెక్టరీ జోలికి పోవద్దని సీట్యాగ్స్‌కే ముందు చెప్పే పద్ధతి కూడా చూపించారు. దాని పేరు ఎక్స్‌క్లూడ్. తప్పు పనిముట్టుది కాదు. అది ఎక్కడుందో చెబుతుంది, అది బతికున్న ఇల్లో కాదో చెప్పదు.

దీనికి ఇంకా చాలా తెలియవు. కంపైలర్‌లా అర్థం చేసుకుంటూ చదవదు, ప్రూఫులు చూసేవాళ్లలా రూపాన్నిబట్టి కన్ను పరిగెత్తిస్తుంది. పేరు, బ్రాకెట్లు, తర్వాత మీసాల బ్రాకెట్ కనిపిస్తే ఫంక్షన్ అనుకుంటుంది. అందుకే సగం విరిగిన, కంపైలే కాని కోడునీ చదివేస్తుంది. అందుకే మాక్రోలతో చిక్కులు వేసిన కోడులో మోసపోతుంది కూడా. ఈ ఫంక్షన్‌ని ఎవరెవరు పిలుస్తున్నారని అడిగితే మామూలుగా దాని దగ్గర జవాబు ఉండదు. దానికి బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన సీస్కోప్ వాడేవాళ్లం. పైగా ట్యాగ్స్ ఫైలు తనంతట తాను మారదు. పొద్దున రాసిన ఫంక్షన్ సాయంత్రం దొరకలేదంటే, మధ్యలో మీరు మళ్లీ సీట్యాగ్స్ నడపలేదన్నమాట.

మొన్న కొత్తగా చేరిన వరంగల్ అబ్బాయికి ఇదంతా చెబుతుంటే, "మేడమ్, వీఎస్ కోడ్‌లో ఎఫ్12 కొడితే పోతది కదా" అన్నాడు. నిజమే. 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ పద్ధతిని బయటపెట్టాక, భాష నిజంగా తెలిసిన ఒక ప్రోగ్రాము ఎడిటర్ వెనక కూర్చుని జవాబులు చెబుతుంది. 60 చోట్ల ఇనిట్ అనే పేరుతోనే ఫంక్షన్లు ఉంటే, సీట్యాగ్స్ అరవై చూపించి నువ్వే ఎంచుకో అంటుంది. లాంగ్వేజ్ సర్వర్ అయితే ఇక్కడ పిలిచింది ఫలానా ఇనిట్‌నే అని వేలు పెట్టి చూపిస్తుంది. ఎవరిని పిలుస్తున్నారో, ఎవరు పిలుస్తున్నారో రెండూ చెబుతుంది. నా రోజువారీ పనికి నేనూ అదే వాడతాను.

ఆ అబ్బాయికి పాత సర్వరు ఒకటి చూపించాను. మధ్యమధ్య డేటాబేస్ వాక్యాలు కలిపి రాసిన సి కోడు. కంపైల్ అయ్యేది ఆ ఒక్క సర్వరు మీదే, అక్కడ కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యడానికి మనకి అనుమతి లేదు. లాంగ్వేజ్ సర్వర్‌కి కోడు ఎలా కంపైల్ అవుతుందో చెబితేగానీ అది సరిగా నోరు విప్పదు. అరగంట కుస్తీ పట్టి, "మేడమ్, ట్యాగ్స్ ఎట్ల వెయ్యాలె?" అన్నాడు. లినక్స్ కెర్నల్ కోడులో కూడా ఇవాళ్టికీ మేక్ ట్యాగ్స్ అని కొడితే ఈ ఫైలే తయారవుతుందని చెప్పాక వాడికి కొంచెం గురి కుదిరింది.

నా సొంతానికి ఇంకో వాడకం ఉంది. మా అమ్మ చెప్పిన ఊరగాయల కొలతలన్నీ మార్క్‌డౌన్ ఫైళ్లలో తెలుగులో రాసుకున్నాను. యూనివర్సల్ సీట్యాగ్స్‌కి మార్క్‌డౌన్ శీర్షికలు పట్టుకోవడం వచ్చు, అవి తెలుగువైనా దానికి పట్టింపు లేదు. మాగాయ అని కొడితే మాగాయ దగ్గర దిగుతాను. ఒకరోజు ఆ ట్యాగ్స్ ఫైలు తెరిచి వరస చూస్తే, దాదాపు మన అకారాది క్రమమే. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి నంబర్లు వర్ణమాల వరసలోనే ఇచ్చారు కనక. ఒకటి రెండు చోట్ల మాత్రం బళ్లో నేర్చుకున్న పట్టికతో పేచీ ఉంది. హ తర్వాత రావాల్సిన ళ అక్కడ ల పక్కనే ఉంటుంది, ఱ వెళ్లి ర పక్కన కూర్చుంది. నాకేమీ అభ్యంతరం లేదు, మాటలు ళతో మొదలవ్వవు.

ఆ వరంగల్ అబ్బాయి ఇప్పుడా పాత సర్వరులో ఒక ఏర్పాటు చేశాడు. రోజూ రాత్రి రెండున్నరకి ట్యాగ్స్ ఫైలు దానంతటదే కొత్తగా తయారవుతుంది. ఆ కమాండ్లో ఎక్స్‌క్లూడ్ పక్కన మొదటి పేరు బీకేపీ. అది నేను చెప్పి రాయించాను.